క్షిపణి మీద మనిషిని ఎక్కించాలంటే ఏమేం మార్చాల్సి వచ్చింది?

మీరు అడిగింది ఇది: తొలి వ్యోమగాములు ఎక్కినవన్నీ బాంబుల కోసం కట్టిన క్షిపణులే కదా, కొసన ఉన్న వార్‌హెడ్ ఊడదీసి క్యాప్సూల్ బిగిస్తే సరిపోయిందా, లేక లోపల నిజంగా ఏమైనా మార్చారా?

సరిపోలేదు. అమెరికా సైన్యం వాడిన ఒక్క రెడ్‌స్టోన్ క్షిపణిలోనే చిన్నా పెద్దా కలిపి దాదాపు 800 మార్పులు చేశారు. వాటిలో ముఖ్యమైనవి రాకెట్ బలం పెంచడానికి చేసినవి కావు. తనలో ఏదో తేడా వచ్చిందని రాకెట్ తానే పసిగట్టి, పైనున్న మనిషిని దూరంగా లాగేయడానికి పెట్టినవి. చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఆ పసిగట్టే యంత్రాంగం కూడా తీగలు, ప్లగ్గులు, రిలేలతో చేసిందే కాబట్టి అదీ పొరబడుతుంది. ప్రమాదం ఉన్నా గుర్తించకపోతే మనిషి పోతాడు. ప్రమాదం లేకపోయినా ఉందనుకుంటే మంచి రాకెట్ పాడవుతుంది, ఒక్కోసారి మనిషీ పోతాడు. ఈ రెండు పొరపాట్ల మధ్య గీత ఎక్కడ గీయాలన్న గొడవే ఆ రోజుల ఇంజినీరింగ్ చరిత్రలో అతి ఆసక్తికరమైన భాగం.

సైన్యం లెక్క ఎలా ఉండేదో ముందు చూడాలి. క్షిపణిని గుంపులో ఒకటిగా లెక్కేస్తారు. పదింటిలో రెండు దారిలో పేలిపోయినా, మిగిలిన ఎనిమిది లక్ష్యాన్ని తాకితే ఆయుధం పనికొచ్చినట్టే. కంపనం ఎక్కువైనా పర్వాలేదు, వార్‌హెడ్‌కు వెన్నెముక లేదు. దారి తప్పితే నేల మీదున్న రేంజ్ సేఫ్టీ అధికారి మీట నొక్కి గాల్లోనే పేల్చేస్తాడు. మనిషి ఎక్కాక ఈ చివరి నియమం కూడా మారింది. అమెరికా తొలి మానవ రోదసి కార్యక్రమమైన మెర్క్యురీ ప్రయోగాల్లో పేల్చివేత ఆదేశం అందాక, ఇంజిను ఆగిన 3 సెకన్లకు గానీ రాకెట్ పేలకుండా అమర్చారు. ఆ 3 సెకన్లలో క్యాప్సూల్ దూరం జరగాలి. రెడ్‌స్టోన్‌లో ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. మొదటి 30 సెకన్లలో తప్పించుకునే వ్యవస్థ పనిచేసినా ఇంజిను తనంతట ఆగదు. ఆగితే ఇంధనం నిండిన రాకెట్ ప్రయోగ కేంద్రం నెత్తినే పడుతుంది మరి.

ఇక ఏ క్షిపణి ఎందుకంత పెద్దది, ఏది ఎందుకు చిన్నది అన్నది బాంబు బరువు తేల్చిన విషయం. 1950ల మొదట్లో సోవియట్ హైడ్రోజన్ బాంబు బరువైనది. దాని కోసం ఆర్-7 క్షిపణిని 5 టన్నుల పైచిలుకు బరువు 8,000 కిలోమీటర్లు మోసేలా రూపొందించమన్నారు. అమెరికన్లు బాంబును తేలిక చేయగలిగారు కాబట్టి వాళ్ల అట్లాస్ చిన్నదిగానే సరిపోయింది. ఫలితం చూడండి: ఆర్-7 వంశపు రాకెట్ మోసిన గగారిన్ నౌక వోస్తోక్ బరువు 4,725 కిలోలు, అట్లాస్ మోసిన అమెరికన్ గ్లెన్ క్యాప్సూల్ బరువు దాదాపు 1,350 కిలోలు. సోవియట్ రాకెట్ ఇంజినీర్లు అప్పట్లో ఎంతో ముందున్నారని చాలామంది రాస్తారు. నిజానికి వాళ్ల బాంబు బరువు వాళ్లకు పెద్ద రాకెట్‌ను ఇచ్చింది. ఆయుధంగా ఆర్-7 అంత గొప్పదేమీ కాదు. ద్రవ ఆక్సిజన్ నింపి సిద్ధం చేయడానికి గంటలు పట్టేది, దాని ప్రయోగ వేదికలు భారీగా, పైనుంచి సులువుగా కనబడేలా ఉండేవి. అందుకే అది క్షిపణిగా త్వరగా మూలబడింది, రోదసి వాహనంగా నేటికీ బతికే ఉంది.

వంశవృక్షం మొదట్లో రెండో ప్రపంచ యుద్ధకాలపు జర్మన్ క్షిపణి వీ-2 ఉంది. 1942 అక్టోబర్ 3న పీనముండె నుంచి తొలిసారి సరిగ్గా ఎగిరింది. 75 శాతం ఆల్కహాల్, 25 శాతం నీరు కలిపిన ఇంధనం, ద్రవ ఆక్సిజన్, పంపులను తిప్పడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్, దిశ మార్చడానికి మంట దారిలో గ్రాఫైట్ రెక్కలు. ఈ నాలుగూ యథాతథంగా రెడ్‌స్టోన్‌లోకి వచ్చాయి. వీ-2 గురించి రాసేటప్పుడు ఒక మాట వదిలేయకూడదు. మిట్టెల్‌వెర్క్ సొరంగాల్లో దాన్ని తయారుచేసింది డోరా నిర్బంధ శిబిరపు ఖైదీలు. అక్కడ వేల సంఖ్యలో చచ్చిపోయారు. ఆ రాకెట్ తాకి చనిపోయినవాళ్ల కంటే, దాన్ని తయారుచేసిన చోట చనిపోయినవాళ్లే ఎక్కువ. ఇంజిను వివరాలు ఎంత ముద్దుగా చెప్పుకున్నా ఈ లెక్క పక్కనే ఉండాలి.

రెడ్‌స్టోన్‌లో చేసిన మార్పుల్లో అర్థం చేసుకోదగ్గవి కొన్ని. ట్యాంకులను సుమారు 1.8 మీటర్లు పొడిగించారు, దాంతో ఇంజిను మండే సమయం 20 సెకన్లు పెరిగి 143.5 సెకన్లకు చేరింది. ఇంజిను ఎక్కువసేపు మండాలంటే పంపు ఎక్కువసేపు తిరగాలి, కాబట్టి అదనంగా ఇంకో పెరాక్సైడ్ ట్యాంకు పెట్టారు. రెడ్‌స్టోన్‌ను పొడిగించి చేసిన జూపిటర్-సీలో హైడైన్ అనే ఇంధనం వాడారు. శక్తి ఎక్కువే గానీ విషపూరితం. వేదిక మీదే ప్రమాదం జరిగితే మనిషి పరిస్థితి ఏమిటని ఆలోచించి మళ్లీ ఆల్కహాల్‌కే వచ్చారు. గురి బాగా కుదిరే కొత్త ఆటోపైలట్‌ను తీసేసి, గురి అంతంతమాత్రమైనా నమ్మకంగా పనిచేసే పాత ఎల్‌ఈవీ-3ని పెట్టారు. బాంబుకు వందల మీటర్ల తేడా ముఖ్యం, సముద్రంలో దిగే క్యాప్సూల్‌కు కాదు. పొడవు పెరగడంతో రాకెట్ ధ్వని వేగం దాటాక అస్థిరంగా మారింది, ముందు భాగంలో 300 కిలోలకు పైగా ఉత్త బరువు వేసి సర్దారు.

పసిగట్టే వ్యవస్థ కనిపెట్టుకుని ఉండేవి కొన్నే: రాకెట్ దిశ తప్పడం, తిరిగే వేగం మితిమీరడం, దహన గదిలో పీడనం పడిపోవడం, కరెంటు పోవడం. ఎక్కువ వాటిని గమనిస్తే ఎక్కువ భద్రత అనుకుంటాం. అలా కాదు. ఒక్కో సెన్సర్ కలిపినప్పుడల్లా అనవసరంగా మోగే గంట ఒకటి పెరుగుతుంది. అందుకే రాకెట్ ఏ రకంగా పాడైనా చివరికి ఈ నాలుగింట్లో ఏదో ఒకటి కదులుతుందని లెక్కేసి అక్కడితో ఆపారు. నా అంచనాలో మొత్తం మెర్క్యురీ కార్యక్రమంలో తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో ఇదొకటి.

ఇప్పుడు 1960 నవంబర్ 21కి వద్దాం. మెర్క్యురీ-రెడ్‌స్టోన్ 1, మనిషి లేని ప్రయోగం, కేప్ కెనావరల్. ఇంజిను మండింది, రాకెట్ దాదాపు 10 సెంటీమీటర్లు లేచింది, ఇంజిను ఆగింది, రాకెట్ తిరిగి తన వేదిక మీదే కూర్చుంది. మరుక్షణంలో పైనున్న ఎస్కేప్ టవర్, అంటే ప్రమాదం వస్తే క్యాప్సూల్‌ను లాగేసే చిన్న రాకెట్ ఉన్న స్తంభం, ఒంటరిగా ఎగిరిపోయింది. క్యాప్సూల్ మాత్రం కదల్లేదు. కాసేపటికి చిన్న పారాచూట్, దాని వెనుక పెద్ద పారాచూట్, ఆ తర్వాత అదనపు పారాచూట్ వరసగా బయటికొచ్చి రాకెట్ పక్కన వేలాడాయి.

కారణం రాకెట్ తోకలో ఉంది. నేల నుంచి రాకెట్‌కు రెండు కేబుళ్లు తగిలించి ఉంటాయి, ఒకటి నియంత్రణకు, ఇంకోటి కరెంటుకు. రాకెట్ లేచేటప్పుడు ముందు నియంత్రణ కేబుల్ ఊడాలి, ఆ తర్వాతే కరెంటు కేబుల్ ఊడాలి. ఎందుకంటే నేలతో ఎర్తింగ్ ఆ కరెంటు కేబుల్ ద్వారానే ఉంటుంది. ఆ రోజు పెట్టిన నియంత్రణ కేబుల్ సైనిక రెడ్‌స్టోన్‌ది, మెర్క్యురీకి కావలసినదాని కంటే పొడవు. మిగులు పొడవును మడిచి క్లాంపు బిగించారు. రాకెట్ లేచినప్పుడు ఆ క్లాంపు అనుకున్నట్టు పనిచేయలేదు, కేబుల్ ఊడటం ఆలస్యమైంది. కరెంటు కేబుల్ ముందు ఊడింది, నియంత్రణ కేబుల్ దాని తర్వాత 29 మిల్లీసెకన్లకు ఊడింది. ఆ 29 మిల్లీసెకన్లు రాకెట్‌కు ఎర్త్ లేదు. పోవడానికి దారిలేని కరెంటు ఒక రిలే గుండా పారింది. ఆ రిలే పని ప్రయాణం చివర ఇంజిను మామూలుగా ఆగిందని చెప్పడం.

ఇక్కడి నుంచి ప్రతి పరికరం తన పని తాను తప్పు లేకుండా చేసింది. ఇంజిను మామూలుగా ఆగిందంటే రాకెట్ పని ముగిసినట్టే, కాబట్టి ఎస్కేప్ టవర్ ఇక అక్కర్లేదని వ్యవస్థ దాన్ని వదిలేసింది. క్యాప్సూల్ విడిపోవాలంటే త్వరణం దాదాపు సున్నాకు పడిపోవాలి, నేల మీద గురుత్వం అలాగే ఉంది కాబట్టి విడిపోలేదు. బయటి గాలి పీడనం చూస్తే 3 కిలోమీటర్ల కంటే కిందే ఉన్నట్టు తేలింది, కాబట్టి పారాచూట్లు తెరుచుకున్నాయి. పెద్ద పారాచూట్ మీద బరువు పడటం లేదు, అంటే అది చిరిగిపోయి ఉంటుందనుకుని అదనపు పారాచూట్ కూడా వదిలింది. ఈ సన్నివేశం చాలామందికి నవ్వు తెప్పిస్తుంది. నాకు మాత్రం ఇది ఆ వ్యవస్థ ఎంత నిక్కచ్చిగా పనిచేసేదో చూపించే చక్కని పాఠం. మొదటి వాక్యం తప్పు, మిగతా తర్కమంతా ఒప్పు.

ఆ తర్వాతి గంటలు ప్రమాదకరమైనవి. నిండా ఇంధనం, ఎప్పుడైనా పేలగల పేల్చివేత మందుగుండు, గాలి వీస్తే రాకెట్‌ను పడదోసేలా వేలాడుతున్న పారాచూట్లు. దగ్గరికెళ్లి మళ్లీ కేబుళ్లు తగిలించే దారి లేదు. తుపాకీతో ట్యాంకుకు రంధ్రాలు పెట్టి పీడనం దించుదామన్న సలహా కూడా వచ్చింది. విమాన నియంత్రణ చూస్తున్న క్రిస్ క్రాఫ్ట్ దానికి ఒప్పుకోలేదు. బ్యాటరీలు అయిపోయేదాకా, ద్రవ ఆక్సిజన్ ఆవిరైపోయేదాకా మర్నాటి ఉదయం వరకు ఆగారు. పరిష్కారం చాలా చిన్నది: రాకెట్ తోక నుంచి వేదికకు సుమారు 30 సెంటీమీటర్ల ఎర్తింగ్ పట్టీ. మిగతా కేబుళ్లన్నీ ఊడాకే అది ఊడుతుంది. అదే క్యాప్సూల్‌ను ఇంకో రాకెట్ మీద పెట్టి డిసెంబర్ 19న విజయవంతంగా ఎగరేశారు.

1961 జనవరి 31న హామ్ అనే చింపాంజీ ప్రయాణంలో అదే వ్యవస్థ ఇంకో రకంగా పొరబడింది. పెరాక్సైడ్ ప్రవాహాన్ని అదుపుచేసే యంత్రాంగం సరిగా పనిచేయక ఇంజిను అతిగా మండింది, ద్రవ ఆక్సిజన్ కాస్త ముందే అయిపోయింది. దహన గదిలో పీడనం పడిపోయింది. కొద్దిసేపు ఆగి ఉంటే ఆ పీడన సెన్సర్‌ను టైమరే పక్కనపెట్టేసేది. ఈలోపే అది ప్రమాదమని కేకపెట్టింది, ఎస్కేప్ రాకెట్ మండి క్యాప్సూల్‌ను ఇంకా వేగంగా తోసింది. హామ్ అనుకున్న చోటికి 200 కిలోమీటర్లకు పైగా అవతల సముద్రంలో దిగాడు, బతికాడు. రెడ్‌స్టోన్‌ను రూపొందించిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ బృందం మనిషిని ఎక్కించే ముందు ఇంకో ఖాళీ ప్రయోగం జరగాల్సిందేనని పట్టుబట్టింది. అది మార్చి 24న జరిగింది. ఏప్రిల్ 12న గగారిన్ ఎగిరాడు, మే 5న తొలి అమెరికన్ షెపర్డ్. ఆ అదనపు ప్రయోగం వృథా అని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. ఆ వాదన ఫలితం తెలిశాక చేసేది. ముందు మూడు ప్రయోగాల్లో రెండింట ఏదో ఒకటి వికటించిన రాకెట్ మీద మనిషిని పంపకపోవడం సరైన పనే.

అట్లాస్ కథ వేరే. దాని ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, మందం చోటును బట్టి పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు. లోపల అడ్డగట్లు లేవు. గాలి నింపిన బెలూన్‌లా లోపలి పీడనమే దాన్ని నిలబెడుతుంది, పీడనం పోతే తన బరువుకే కుప్పకూలుతుంది. బరువు ఇంతగా తగ్గించింది అణుబాంబును ఖండాలు దాటించడానికి. వార్‌హెడ్ పొట్టిగా, గట్టిగా ఉంటుంది, మెర్క్యురీ క్యాప్సూల్ ఎస్కేప్ టవర్‌తో కలిపి పొడవు. గాలి ఒత్తిడి దాని మీద వేరేలా పడుతుంది, ఆ భారం ట్యాంకు పైభాగంలోని పలచని రేకు మీదికి వస్తుంది. 1960 జూలై 29న తొలి మెర్క్యురీ-అట్లాస్ ఎగిరిన 58 సెకన్లకు మేఘాల అవతల విరిగిపోయింది. తర్వాతి ప్రయోగానికి కొత్త ట్యాంకు చేసే వ్యవధి లేక, ఆక్సిజన్ ట్యాంకు పైభాగం చుట్టూ సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు స్టీలు పట్టీ చుట్టారు. పీపాకు ఇనుప కట్టు వేసినట్టే. 1961 ఫిబ్రవరి 21న అది నిలబడింది. ఆ తర్వాత వచ్చిన రాకెట్లలో ఆ భాగపు రేకునే మందంగా చేశారు.

అట్లాస్‌లో పసిగట్టే వ్యవస్థ అదనంగా ఇంకోటి చూసేది: ఆక్సిజన్ ట్యాంకుకూ కిరోసిన్ ట్యాంకుకూ మధ్యనున్న ఒకే ఒక్క గోడకు రెండు వైపులా పీడనంలో తేడా. ఆ తేడా తలకిందులైతే గోడ తిరగబడి చిరుగుతుంది, రెండు ద్రవాలూ కలిసిపోతాయి. 1961 ఏప్రిల్ 25న ఇంకో అట్లాస్ నిట్టనిలువుగా లేచి వంగాల్సిన చోట వంగలేదు. రేంజ్ సేఫ్టీ అధికారి 43 సెకన్ల దగ్గర పేల్చేశాడు. ఎస్కేప్ టవర్ క్యాప్సూల్‌ను భద్రంగా లాగేసింది. ఆ క్యాప్సూల్‌నే బాగుచేసి సెప్టెంబర్‌లో కక్ష్యలోకి పంపారు. ఒక వైఫల్యం తన పక్కనున్న వ్యవస్థ పనితనాన్ని రుజువు చేయడం అరుదు, ఇక్కడ అది జరిగింది.

మెర్క్యురీ తర్వాత వచ్చిన ఇద్దరు మనుషుల నౌక జెమినిని మోయడానికి ఎంచుకున్న వాయుసేన క్షిపణి టైటాన్-2 దగ్గర సైన్యానికీ నాసాకూ మధ్య అసలు పేచీ వచ్చింది. 1962 మార్చి 16న దాని తొలి ప్రయోగం క్షిపణి లెక్కలో విజయం. కానీ లేచిన నిమిషంన్నర తర్వాత దాదాపు 30 సెకన్లపాటు రాకెట్ నిలువునా, సెకనుకు సుమారు 11 సార్లు, కొసన ±2.5 జీ (ఒక జీ అంటే భూమి గురుత్వం అంత) తీవ్రతతో ఊగింది. పోగో అనే స్ప్రింగు కర్ర ఆట పేరే దీనికి పెట్టారు. ఇది ఎలా పుడుతుందంటే, రాకెట్ శరీరం నిలువునా కొద్దిగా సాగి ముడుచుకుంటుంది, దాంతో గొట్టాల్లోని ద్రవం పంపు నోటి దగ్గర ఎక్కువ తక్కువల పీడనంతో తగులుతుంది, ఇంజిను తోపు అదే తాళంలో ఎక్కువ తక్కువవుతుంది, ఆ తోపు శరీరాన్ని మళ్లీ అదే తాళంలో ఊపుతుంది. ట్యాంకులు ఖాళీ అవుతున్న కొద్దీ శరీరపు సహజ కంపనం మారుతూ వచ్చి ఒకచోట గొట్టాల కంపనంతో కలుస్తుంది. అందుకే ఊగుడు మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోతుంది.

గొట్టానికి పక్కగా మూసిన కొస ఉన్న నిలువు గొట్టం, అంటే స్టాండ్‌పైప్ తగిలిస్తే అందులో చిక్కిన వాయువు స్ప్రింగులా పనిచేసి ద్రవం తాళాన్ని మారుస్తుంది. ఈ ఆలోచనతో 1962 డిసెంబర్‌లో ఒక్క ఆక్సిడైజర్ గొట్టాలకే స్టాండ్‌పైపులు పెట్టి ఎగరేశారు. ఊగుడు తగ్గకపోగా ±5 జీకి పెరిగింది, ఇంజిను ముందే ఆగింది. ఇంధనం వైపు గొట్టాలను పట్టించుకోకపోవడమే తప్పని తర్వాత తేలింది. ట్యాంకు పీడనం పెంచితే 1963 జనవరి నాటికి 0.6 జీకి దిగింది. వాయుసేనకు అది చాలు. వాళ్లకు క్షిపణిని గడువులోగా సైలోల్లోకి దించాలి, బాగా పనిచేస్తున్న దాన్ని కెలికి కొత్త తంటా తెచ్చుకోవడం ఎందుకు? నాసా 0.25 జీ మించితే కుదరదంది. ఆ స్థాయి దాటితే వ్యోమగామి మీటర్లు చదవలేడు, స్విచ్చులు సరిగా నొక్కలేడు. చివరికి ఆక్సిడైజర్ వైపు స్టాండ్‌పైపులు, ఇంధనం వైపు అదే పని చేసే పిస్టన్ అక్యుములేటర్లు, పెంచిన పీడనం మూడూ కలిపి 1963 నవంబర్ 1న ఎగరేస్తే 0.11 జీ వచ్చింది. రెండు వైపులవాళ్ల వాదనా న్యాయమైనదే. ఒకే యంత్రం రెండు పనులకు వాడితే ఏది చాలినంత అన్నదానికి రెండు జవాబులుంటాయి.

జెమినిలో ఎస్కేప్ టవర్ లేదు, ఎజెక్షన్ సీట్లు ఉన్నాయి. టైటాన్ ఇంధనం, ఆక్సిడైజర్ ఒకదాన్నొకటి తాకగానే మండుతాయి కాబట్టి కిరోసిన్-ఆక్సిజన్ మిశ్రమంలా పోగుపడి ఒక్కసారిగా పేలే ముప్పు తక్కువ, సీటుకు సమయం దొరుకుతుందని లెక్క. ఇక తప్పించుకోవాలా వద్దా అన్న తీర్పు చాలావరకు మనిషి చేతికే వదిలారు. ఆ నిర్ణయం 1965 డిసెంబర్ 12న పరీక్షకొచ్చింది. జెమిని 6 ఇంజిన్లు మండాయి, 1.2 సెకన్లకు ఆగిపోయాయి. లోపల మాత్రం రాకెట్ లేచినట్టు గడియారం తిరగడం మొదలైంది. నియమం ప్రకారం లేచాక ఇంజిను ఆగితే రాకెట్ కూలుతుంది, సీటును బయటికి విసిరే రింగు లాగాలి. కమాండర్ వాలీ షిరా లాగలేదు. రాకెట్ కదిలితే ఒంటికి తెలుస్తుంది, కదల్లేదని అతని తీర్పు. అదే నిజం. తోకలోని ఒక ప్లగ్గు కంపనానికి ముందే ఊడిపోయింది, ఆ ప్లగ్గు ఊడటమే లేచినట్టు సంకేతం.

అయిదేళ్ల కింద మెర్క్యురీలో జరిగినదానికి ఇది దాదాపు జంట. అక్కడ ప్లగ్గు ఆలస్యంగా ఊడింది, ఇక్కడ ముందుగా. ఒక తేడా ఉంది: అక్కడ యంత్రం ఒంటరిగా నిర్ణయించింది, ఇక్కడ మధ్యలో ఒక పైలట్ ఉన్నాడు. రికార్డులు తిరగేస్తే ఇంకో సంగతి బయటపడింది. ప్లగ్గు ఊడకముందే ఒక ఇంజిను తోపు తగ్గిపోతోంది. విప్పి చూస్తే గ్యాస్ జనరేటర్‌లోకి ఆక్సిడైజర్ వెళ్లే దారిలో దుమ్ము పడకుండా పెట్టే ప్లాస్టిక్ మూత, నెలల కిందట శుభ్రం చేసినప్పుడు తీయడం మరిచిపోయినది, అలాగే ఉంది. ప్లగ్గు ఊడకపోయినా ఆ ఇంజిను ఆగేదే. మూత తీసి, ప్లగ్గు గట్టిగా నిలిచేలా చేసి, మూడు రోజులకే డిసెంబర్ 15న ఎగిరారు.

సోవియట్ వైపు వివరాలు కొన్ని త్వరగా. ఆర్-7లో నేల మీదే 20 ప్రధాన దహన గదులు, 12 చిన్న స్టీరింగ్ గదులు ఒకేసారి మండాలి. ప్రతి గదిలోకి కింది నుంచి కొయ్య కర్ర మీద బిగించిన మందుగుండు ఇగ్నైటర్‌ను దూర్చి, దాని అడ్డంగా ఒక తీగ కడతారు. మంట అంటుకుంటే తీగ తెగుతుంది, అన్ని తీగలూ తెగితేనే ఇంధనం పూర్తిగా వదులుతారు. నాకు ఈ మొత్తం రంగంలో అతి ఇష్టమైన సెన్సర్ ఇదే: తెగడం తప్ప ఇంకో పని లేదు, అబద్ధం చెప్పే అవకాశం చాలా తక్కువ. వోస్తోక్‌లో టవర్ లేదు, ఎజెక్షన్ సీటే దిక్కు. వేదిక మీద, లేచిన మొదటి సెకన్లలో పారాచూట్ విప్పుకునేంత ఎత్తు దానికి దొరకదు. ఆ గోళాకారపు నౌకనే జెనిత్ గూఢచారి ఉపగ్రహంగానూ వాడారు, కెమెరాలు, ఫిల్ము దానిలోనే తిరిగి దిగేవి. అంటే రాకెట్టే కాదు, నౌక కూడా సైన్యం అవసరంతో పంచుకున్నదే.

వోస్తోక్ తర్వాతి తరం నౌక సోయుజ్‌కు టవర్ వచ్చింది. 1983 సెప్టెంబర్ 26న ప్రయోగానికి కొద్దిసేపటి ముందు ఒక వాల్వ్ మూసుకోక ఇంధనం కారి వేదిక మీదే మంటలు లేచాయి. ఆ మంటల్లో పసిగట్టే వ్యవస్థ తీగలే కాలిపోయాయి. వేర్వేరు గదుల్లో ఉన్న ఇద్దరు అధికారులు 5 సెకన్ల తేడాలోపు మీటలు నొక్కితే రేడియో ఆదేశం వెళ్లి టవర్ మండింది. లోపలున్న వ్యోమగాములు తితోవ్, స్త్రెకలోవ్ బయటపడ్డారు, ఆ వెంటనే రాకెట్ పేలింది. మీట ఇద్దరి చేతుల్లో పెట్టింది తప్పుడు నిర్ణయం జరగకుండా. అదే రక్షణ ఆ రోజు ప్రాణాలు నిలవాల్సిన సెకన్లను తినేసింది. ఆరు నెలల పైచిలుకు తర్వాత, 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ ఎక్కింది ఈ వంశపు రాకెట్టే. 2018 అక్టోబర్ 11న సోయుజ్ ఎంఎస్-10లో, బూస్టర్ విడిపోయిందని చెప్పే చిన్న సెన్సర్ పిన్ను బిగించేటప్పుడు దాదాపు 7 డిగ్రీలు వంగింది. సంకేతం అందక బూస్టర్ పైనున్న వాల్వ్ తెరుచుకోలేదు, అది పక్కకు జరగక మధ్య భాగాన్ని కొట్టింది. అప్పటికే టవర్ వదిలేశారు, ముక్కు కవచం మీదున్న రాకెట్లు ఇద్దరినీ కాపాడాయి.

ఈ చరిత్రను సొంతంగా తవ్వాలనుకుంటే చేతికి తగిలే ఉచ్చులు కొన్ని చెబుతాను. అమెరికన్ పత్రాల్లో మైలు అంటే ఒక్కోచోట మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, ఒక్కోచోట నాటికల్ మైలు 1.852. పక్కన ఏదో చూసుకోకుండా మారిస్తే 15 శాతం తప్పు వస్తుంది. తోపు పౌండ్లలో ఇస్తే 0.4536తో గుణించి కిలోలు చేయండి: రెడ్‌స్టోన్ 78,000 పౌండ్లు అంటే సుమారు 35 టన్నులు. తేదీకి ఏ గడియారమో చూడండి. పైన చెప్పిన 1983 మంటలు గ్రీనిచ్, మాస్కో సమయాల్లో 26న, బైకొనూర్ స్థానిక సమయంలో 27న. అట్లాస్ 109-డి లాంటి పేర్లలో చివరి అక్షరం క్షిపణి తరాన్ని చెబుతుంది, అది లేకుండా రాసిన వైఫల్యాల జాబితాలు వేర్వేరు తరాలను కలిపేసి రాకెట్ నమ్మకాన్ని తప్పుగా లెక్కేస్తాయి. విజయం అన్న మాట ఎవరు వాడారో చూడండి. 1962 మార్చి ప్రయోగం వాయుసేన నివేదికలో విజయం, నాసా నివేదికలో సమస్య, రెండూ నిజమే.

సోవియట్ పత్రాల్లో ఇంకో రకం జాగ్రత్త కావాలి. 1960 అక్టోబర్ 24న ఆర్-16 క్షిపణి వేదిక మీదే మండి మార్షల్ నెదెలిన్‌తో సహా ఎందరో చనిపోతే, ఆయన విమాన ప్రమాదంలో పోయాడని ప్రకటించారు. అసలు సంగతి 1989లో గానీ అక్కడి పత్రికల్లో రాలేదు. గగారిన్ నౌక నుంచి 7 కిలోమీటర్ల ఎత్తులో బయటికి దూకి విడిగా పారాచూట్‌తో దిగాడన్నది, పైలట్ నౌకతోపాటే దిగాలన్న రికార్డు నిబంధనల కోసం ఏళ్ల తరబడి దాచారు. అందుకని 1960లలో అచ్చైన సోవియట్ కథనం ఒక్కటే ఆధారమైతే తేదీని నమ్మండి, సంఘటన క్రమాన్ని మాత్రం 1990ల తర్వాత బయటికొచ్చిన పత్రాలతో సరిచూడకుండా రాయకండి. అమెరికా వైపు అయితే ముందు వైఫల్య విచారణ నివేదిక చదివి, తర్వాతే కార్యక్రమ చరిత్రకు వెళ్లండి. ఏ కేబుల్ ఎన్ని మిల్లీసెకన్లు ఆలస్యమైందో మొదటిదానిలోనే దొరుకుతుంది.